నల్లరేగడిలో మోడరన్ కాంక్రీట్ ఇల్లు, 240 గజాలు, నరసరావుపేట: సలహాలు కావాలి

పల్నాటి_కుర్రాడు | 11 జనవరి, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఏళ్ళ తరబడి ఇక్కడ చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

నరసరావుపేట శివార్లలో మాకు 36 × 60 తూర్పు ముఖం స్థలం ఉంది. 240 గజాలు, అంటే ఐదు సెంట్లకి రవ్వంత తక్కువ. నాన్న రిటైరయ్యారు. కింద వాళ్ళకి, పైన మాకు అని రెండంతస్తులు అనుకుంటున్నాం. ముందు నాలుగు స్తంభాలు, వాటి మీద పూల డిజైను, పైన సింహాల బొమ్మలు... అవి నాకొద్దు. సిమెంటు సిమెంటులాగే కనపడే గోడ, ముందుకి 8 అడుగులు పొడుచుకొచ్చే బాల్కనీ, దాని కింద పిల్లర్ ఉండకూడదు, హాలుకి నేల నుంచి పైదాకా అద్దాలు. ఇదీ కోరిక.

కాంట్రాక్టర్ విత్ మెటీరియల్ చదరపు అడుగుకి 2,100 చెప్పాడు. ప్లాన్ ఫ్రీ అట. "మట్టి పరీక్ష ఎందుకు సార్, ఈ ఏరియాలో ఎన్ని ఇళ్ళు కట్టలేదు మేం, నాలుగడుగులు గుంత తీసి పుటింగ్ వేస్తే చాలు" అన్నాడు (పుటింగ్ అంటే పిల్లర్ అడుగున వేసే వెడల్పాటి కాంక్రీట్ దిమ్మ). నాన్నకి ఆయన మీద గురి. నాకే ఎక్కడో తేడా కొడుతోంది. మా పాత ఇంట్లో ఎండాకాలం గోడకి పడే బీటలో అమ్మ అగరుబత్తి గుచ్చేది. వానలు మొదలైతే అది మూసుకుపోయేది. ఏం చేయమంటారు?

---

బీమ్‌కాలమ్ | 11 జనవరి, రాత్రి 11:35

స్ట్రక్చరల్ ఇంజనీర్ని, గుంటూరు.

మీ అమ్మగారి అగరుబత్తి చెప్పాల్సింది చెప్పేసింది. నల్లరేగడి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇల్లంతా ఒకేసారి పైకి లేచి ఒకేసారి దిగితే బాధ లేదు. బాత్రూం వైపు నేల ఎప్పుడూ తడి, పడమటి వైపు ఎప్పుడూ పొడి. ఒక మూల లేస్తుంది, ఇంకో మూల దిగుతుంది, మధ్యలో గోడ చీలుతుంది. నాలుగడుగుల పుటింగ్ అంటే సరిగ్గా ఆ కదిలే పొరలోనే ఇంటిని కూర్చోబెట్టడం.

మట్టి పరీక్షకయ్యే ఖర్చు మీ మెయిన్ డోర్ ఖర్చులో సగం కూడా ఉండదు. కనీసం రెండు చోట్ల బోర్ వేయించండి. రిపోర్టులో "ఫ్రీ స్వెల్" (నీళ్ళు తగిలితే మట్టి ఎంత ఉబ్బుతుందో ఆ కొలత) ఎంత శాతమో, నల్లమట్టి ఎన్ని మీటర్ల లోతు ఉందో, దాని కింద ఏముందో ఉండాలి. అది రాకుండా పిల్లర్ సైజులు ఎవరు చెప్పినా ఊహే. ప్లాన్ ఫ్రీగా ఇచ్చే కాంట్రాక్టర్ దాని డబ్బులు ఇనుములోనో సిమెంటులోనో రాబట్టుకుంటాడు, ఊరికే వదలడు.

---

మేస్త్రీగారబ్బాయి | 12 జనవరి, ఉదయం 6:50

మా నాన్న 35 ఏళ్ళు తాపీ పట్టాడు కాబట్టి కాంట్రాక్టర్ల తరఫున ఒక మాట. వాళ్ళందరూ దొంగలు కారు. ఓనరు రేటు బేరం ఆడి ఆడి కిందికి లాగుతాడు. ఆ లాగిన డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గాలి కదా అన్నా.

2,100 అన్నాడు సరే, దేని మీద? బాల్కనీ పూర్తి కొలతా, సగమా? మెట్ల పైన గది లెక్కలో ఉందా? సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ వాల్, ఎలివేషన్ విడిగానా? ఇవి కాగితం మీద లేకపోతే స్లాబు అయ్యాక మొదలవుతుంది అసలు సినిమా. డబ్బు నెలవారీ ఇవ్వొద్దు. బేస్‌మెంట్, లింటెల్, స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్... పని అయినంత వరకే.

ఇనుము మాత్రం దగ్గరుండి తూకం వేయించు. లెక్క సులువు: రాడ్ మందాన్ని దాంతోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకి కిలోలు. 12 ఎం.ఎం రాడ్ మీటరు 0.889 కిలో, 12 మీటర్ల రాడ్డు 10.67. రాడ్లు లెక్కపెట్టి గుణించు, కాటా చీటీతో పోల్చు. మరీ తక్కువొస్తే లోడు దింపనివ్వకు.

---

గోడలేని_ఇల్లు | 12 జనవరి, మధ్యాహ్నం 2:05

ఆర్కిటెక్ట్‌ని, హైదరాబాద్. ఎక్స్‌పోజ్డ్ కాంక్రీట్, అదే మీరన్న సిమెంటులాగే కనపడే గోడ, అనగానే వచ్చాను.

ముందు చేదు మాట. అది ప్లాస్టరింగ్ డబ్బు మిగిల్చే పద్ధతి అనుకుంటున్నారేమో, మామూలు గోడకన్నా ఎక్కువే అవుతుంది. మామూలు గోడలో తప్పు జరిగితే ప్లాస్టరింగ్, లప్పం, రంగు కప్పేస్తాయి. ఇక్కడ సెంట్రింగ్ (కాంక్రీట్ పోసే అచ్చు) ప్లై మీద ఏ మరక ఉంటే అదే పదేళ్ళు మీ హాల్లో కనపడుతుంది. ఫిల్మ్ అతికించిన కొత్త ప్లై కావాలి, రెండు షీట్ల మధ్య సందులోంచి సిమెంటు పాలు కారకూడదు, మొదటి బస్తా నుంచి చివరి బస్తా దాకా ఒకే కంపెనీ సిమెంటు. స్విచ్ బోర్డు ఎక్కడో కాంక్రీట్ పోసే ముందే తేలాలి. తర్వాత వైర్ల కోసం గోడకి జిర్రీ (గాడి) కొడతామంటే కుదరదు.

రెండోది, వేడి. పడమటి వైపు 8 అంగుళాల కాంక్రీట్ గోడ పల్నాడు మే నెలలో పొద్దంతా ఎండ తాగి రాత్రి పదింటికి మీ మంచం మీదికి వదులుతుంది. తూర్పు వైపు ఒక్క గోడ, పోర్టికో సీలింగ్ మాత్రం అలా ఉంచండి. పడమర మామూలు గోడ కట్టి మెట్లు, బాత్రూంలు అటు నెట్టండి.

మన వాతావరణంలో కాంక్రీట్‌ని ఎలా వాడాలో చూడాలంటే పాండిచ్చేరి వెళ్ళండి. అరవిందాశ్రమం వాళ్ళ వసతి గృహం గోల్కొండ్. ఆంటోనిన్ రేమండ్ డిజైను, 1930ల చివర్లో మొదలైంది. మన దేశపు తొలి ఆధునిక కాంక్రీట్ భవనాల్లో ఒకటి. నిజాం దివాను అక్బర్ హైదరీ ద్వారా విరాళం వచ్చింది, అందుకే ఆ పేరు. దానికి అద్దాల గోడల్లేవు. గోడ పొడవునా తెరిచి మూసుకునే పలకలే, గాలి ఆడుతూనే ఉంటుంది. స్లాబు మీద మళ్ళీ వంపు తిరిగిన కాంక్రీట్ పెంకులు పరిచారు, మధ్యలో గాలి పొర. 80 ఏళ్ళ కిందటి ఉపాయం. మనం మాత్రం అద్దాలు పెట్టి ఏసీ కొంటాం.

---

ఫ్రిస్కో_తెలుగు | 13 జనవరి, ఉదయం 8:20

డాలస్ దగ్గర ఉంటాం. నవ్వొస్తుంది కానీ ఇక్కడ కూడా అదే మట్టి. రంగూ నలుపే, బుద్ధీ అదే. అందుకే ఎండాకాలం జనం ఇంటి చుట్టూ పునాది పక్కన చిల్లుల పైపు పరిచి నేలకి నీళ్ళు పెడతారు, మట్టి ఎండి ఇల్లు కుంగకుండా. కొత్తలో మా ఆవిడ "ఇదేంటి, ఇంటికి నీళ్ళు పోస్తున్నారు" అని నరసరావుపేటలో ఉన్న వాళ్ళ పిన్నికి వీడియో తీసి పంపింది. 😄

ఇక్కడ థర్మాకోల్ దిమ్మెల మధ్య కాంక్రీట్ పోసే ఇళ్ళు కొన్ని కడుతున్నారు. వేడి లోపలికి రాదు, కరెంటు బిల్లు తగ్గుతుంది. అక్కడ దొరుకుతాయా?

---

బీమ్‌కాలమ్ | 13 జనవరి, రాత్రి 9:15

@ఫ్రిస్కో_తెలుగు, పెద్ద ఊళ్ళలో అడిగితే దొరకొచ్చు. నరసరావుపేటలో దాంతో పని తెలిసిన మేస్త్రీ దొరకాలి, అదీ కష్టం. తెలియని మెటీరియల్‌ని మీ ఇంటి మీద నేర్చుకోనివ్వకండి.

@పల్నాటి_కుర్రాడు, 8 అడుగుల బాల్కనీ గురించి. కట్టొచ్చు. కానీ ఊగకుండా ఉండాలంటే గోడ దగ్గర బీమ్ 14 అంగుళాల లోతు ఉండాలి, లోపలివైపు దానికి పట్టు కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, బాల్కనీలో బరువు మోసే ఇనుము పైన ఉంటుంది. స్లాబు రోజు కూలీలు దాన్నే తొక్కుతూ నడుస్తారు. రాడ్డు రెండంగుళాలు కిందికి దిగిందంటే డ్రాయింగ్ ఎంత బాగున్నా ఒకటే. పైరాడ్ల కింద కుర్చీలు (రాడ్డు వంచి చేసే ఆనుడు కాళ్ళు) పెట్టించి, నడవడానికి విడిగా చెక్కలు వేయించండి. నన్నడిగితే 5 అడుగులు చాలు. కుర్చీ వేసుకుని కాఫీ తాగడానికి 8 ఎందుకు?

---

సాగరతీరం_వైజాగ్ | 14 జనవరి, ఉదయం 11:00

భోగి మంటలయ్యాక తీరిగ్గా రాస్తున్నాను. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.

మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే. గృహప్రవేశమైన ఆరో ఏడు వంటింటి బయట సన్‌షేడ్ అడుగున రూపాయి బిళ్ళంత తుప్పు మరక. రంగు వేయించాం. మరుసటేడు అది జానెడు గీత. ఒకరోజు మా వారు చీపురు కర్రతో తట్టారు. డొల్ల శబ్దం. ఇంకోసారి తడితే అరచేయంత పెచ్చు ఊడి పప్పు రుబ్బుతున్న నా పక్కన పడింది. లోపల రాడ్డు కేకు ముక్కలా పొరలు పొరలుగా విప్పుకుని ఉంది. ఎందుకంటే రాడ్డు కింద పెట్టాల్సిన కవర్ బ్లాకులకి బదులు చేతికందిన కంకర రాళ్ళు పెట్టారు, అవి జారిపోయాయి. రాడ్డుకీ బయటిగాలికీ మధ్య నా చిటికెన వేలి మందం కూడా లేదు.

మీకు సముద్రం లేదు కానీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే అదే కథ. ముందు నీళ్ళు పరీక్ష చేయించండి బాబూ.

---

బీమ్‌కాలమ్ | 14 జనవరి, మధ్యాహ్నం 12:40

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. ఐఎస్ 456 (కాంక్రీట్ పనికి మన దేశపు ప్రమాణం) ప్రకారం ఆర్‌సీసీలో కలిపే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కవర్, అంటే రాడ్డు బయట ఉండాల్సిన కాంక్రీట్ మందం, స్లాబుకి 20 ఎం.ఎం, పిల్లర్‌కి 40, పుటింగ్‌కి 50. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఏ భాగానికైనా 45కి తగ్గకూడదు, కాంక్రీట్ కూడా ఎం30 (28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 30 న్యూటన్ల బలం వచ్చేది) కావాలి. కవర్ బ్లాకులు అన్నీ కలిపి ఒక పూట టిఫిన్ ఖర్చు. అక్కడే పొదుపు చేస్తారు.

---

పల్నాటి_కుర్రాడు | 19 ఫిబ్రవరి, రాత్రి 9:48

అప్‌డేట్. నాన్నతో మూడు రోజులు మాటల్లేవు, నాలుగో రోజు మట్టి పరీక్షకి ఒప్పుకున్నారు.

రిపోర్టు: నల్లమట్టి 2.6 మీటర్లు, ఫ్రీ స్వెల్ 90 శాతం, ఆ కింద గట్టి గ్రావెల్. కాంట్రాక్టర్‌కి చూపిస్తే "అయితే ఐదడుగులు వేద్దాం" అన్నాడు. కూరగాయల బేరంలా.

ఇంకో తలనొప్పి. సిద్ధాంతిగారు వచ్చి మాస్టర్ బెడ్‌రూం అడుగున్నర పడమరకి జరపమన్నారు. ఇంజనీర్ గీసిన పిల్లర్ ఇప్పుడు తలుపు మధ్యలో వస్తోంది. కాంట్రాక్టర్ "ఆ ఒక్క పిల్లర్ జరిపేద్దాం, ఏం కాదు" అంటున్నాడు.

---

మేస్త్రీగారబ్బాయి | 19 ఫిబ్రవరి, రాత్రి 10:02

ఒక్క పిల్లర్ జరిపేద్దాం అన్న ప్రతిసారీ నాకో పది రూపాయలు వచ్చి ఉంటే ఈపాటికి నేనే ఇల్లు కట్టేవాణ్ణి అన్నా.

---

గోడలేని_ఇల్లు | 19 ఫిబ్రవరి, రాత్రి 10:30

వాస్తు మీద ఇక్కడ ఎవరూ గొడవ పెట్టుకోవద్దు ప్లీజ్, పోయినసారి థ్రెడ్‌కి తాళం పడింది. నేను పాటించేది ఒకటే: సిద్ధాంతిని మొదటి స్కెచ్ దగ్గరే కూర్చోబెడతాను. ఈశాన్యం, ఆగ్నేయం, మెట్లు, గేటు అన్నీ అప్పుడే తేల్చుకుని ఆయన చేత సంతకం పెట్టించుకున్నంత పని చేస్తాను. ఆ తర్వాతే స్ట్రక్చర్. మీరు తిరగేసి చేశారు. ఇప్పుడు పిల్లర్ ఒక్కటే జరపకండి, మొత్తం డ్రాయింగ్ మళ్ళీ గీయించండి.

---

బీమ్‌కాలమ్ | 20 ఫిబ్రవరి, ఉదయం 7:10

90 శాతం అంటే తేలిగ్గా తీసుకునే అంకె కాదు. మీకు రెండు దారులు. ఒకటి, పుటింగ్ గుంతలు గ్రావెల్‌లోకి దిగేదాకా, అంటే దాదాపు 9 అడుగులు తవ్వడం. రెండోది అండర్ రీమ్డ్ పైల్స్. రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) మన నల్లరేగడి కోసమే అభివృద్ధి చేసిన పద్ధతి. సన్నగా బోర్ వేసి, అడుగున గుంతని ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీట్ నింపుతారు. పైన మట్టి ఉబ్బి లాగినా ఆ గడ్డ పైకి రానివ్వదు. మీ రిపోర్టుకి నాకు ఇదే నచ్చుతుంది, కానీ మీ డ్రాయింగ్ చేసే ఇంజనీర్ మాటే ఫైనల్.

ఏది వేసినా, ప్లింత్ బీమ్ (నేల మట్టంలో పిల్లర్లని కలిపే బీమ్) కింద మూడు నాలుగు అంగుళాల ఖాళీ వదలండి. చాలామంది మట్టి మీదే బీమ్ పోసేస్తారు. వానాకాలం ఆ మట్టి ఉబ్బి బీమ్‌ని అడుగు నుంచి ఎత్తుతుంది. తవ్విన నల్లమట్టితో బేస్‌మెంట్ నింపనివ్వకండి. గ్రావెల్ తోలించి, అరడుగు అరడుగు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించాలి. మిగిలిన నల్లమట్టి ఎవరైనా పొలానికి అడిగితే సంతోషంగా ఇచ్చేయండి, పత్తి బాగా పండుతుంది.

---

పల్నాటి_కుర్రాడు | 2 ఏప్రిల్, రాత్రి 8:30

పాత కాంట్రాక్టర్‌తో సెలవు తీసుకున్నాం. గొడవేం లేదు, ఆయనకి పైల్స్ ఇష్టం లేదు, మాకు ఐదడుగులు ఇష్టం లేదు. ఇప్పుడు లేబర్ కాంట్రాక్టుకి ఇచ్చి మెటీరియల్ మేమే కొంటున్నాం. పైల్స్ 22 పడ్డాయి. బాల్కనీ 5 అడుగులు (అమ్మ కూడా "కాఫీకి చాలు" అంది, ఈ థ్రెడ్ చదివిందేమో అని అనుమానం). ఎక్స్‌పోజ్డ్ కాంక్రీట్ తూర్పు గోడ ఒక్కటే. బోరు నీళ్ళు పరీక్షలో ఫెయిల్, ట్యాంకర్ మాట్లాడాం.

స్లాబు మే నెలలో వస్తుంది. సైటులోనే మిల్లర్‌తో (కాంక్రీట్ కలిపే యంత్రం) వేయాలా, ప్లాంటులో కలిపిన రెడీమిక్స్ తెప్పించాలా?

---

మేస్త్రీగారబ్బాయి | 2 ఏప్రిల్, రాత్రి 9:11

మిల్లర్ అయితే ఇసుక గంపలు లెక్కపెట్టడానికి నువ్వు మధ్యాహ్నం ఎండలో నిలబడాలి. పన్నెండు దాటాక గంప నిండదు, నీళ్ళ మగ్గు మాత్రం నిండుతుంది. రెడీమిక్స్‌లో ఆ బాధ లేదు, కానీ లారీ గుంటూరు నుంచి రావాలి. కలిపిన రెండు గంటల్లోపు దింపేయాలి. చీటీ మీద టైం చూడు. లారీ డ్రైవర్ పైపు తీసి డ్రమ్ములో నీళ్ళు కొట్టబోతాడు, అదొక్కటి ఆపు. జావలా ఉంటే పంపుకి హాయి, స్లాబుకి కాదు.

---

పల్నాటి_కుర్రాడు | 24 మే, రాత్రి 11:20

స్లాబు పడింది. ఒళ్ళు హూనం. నిద్రపట్టక రాస్తున్నా.

ఎం25, మొత్తం 22 క్యూబిక్ మీటర్లు, నాలుగు లారీలు. పొద్దున్న ఐదున్నరకి నాన్న కొబ్బరికాయ కొట్టారు, పంపు మొదలైంది. మొదటి రెండు లారీలు చకచకా అయిపోయాయి. మూడోది దారిలో పంక్చరై, కలిపిన గంటా యాభై నిమిషాలకి వచ్చింది. అప్పటికి ఎండ చుర్రుమంటోంది. డ్రైవర్ దిగీ దిగగానే పైపు అందుకున్నాడు. నేను అడ్డం నిలబడ్డా. "సార్, మీరు చదువుకున్నోళ్ళు అనుకున్నా, ఇట్టా అయితే పంపు జామైద్ది" అని అరిచాడు. అదృష్టం కొద్దీ ప్లాంటు కుర్రాడు వెంటే ఉన్నాడు. కాంక్రీట్‌ని జారుగా చేసే మందు కొలిచి పోసి డ్రమ్ము తిప్పించాడు, కాంక్రీట్ మళ్ళీ కదిలింది. ఈలోగా ముందు పోసిన అంచు ఎండిపోకుండా మేస్త్రీ తడి గోనెపట్టాలు కప్పించాడు. కొత్తది పోస్తూ వైబ్రేటర్ సూదిని పాతదాంట్లోకి కూడా దించాడు, రెండూ కలవాలని. ఆయనకి ఐఎస్ నంబర్లేవీ తెలీవు. చేయి తెలుసు.

బాల్కనీ రాడ్ల మీద చెక్కలు వేయించా. అయినా ఒకడు తట్టతో అడ్డంగా నడవబోతే అమ్మ కింద నుంచే కేక పెట్టింది.

మధ్యాహ్నం రెండింటికి పై పొర మీద అరచేతి గీతల్లాంటి సన్నటి పగుళ్ళు కనపడ్డాయి. గుండె జారిపోయింది. బీమ్‌కాలమ్ గారికి ఫోటో పంపితే నిమిషంలో జవాబు: ఇంకా గట్టిపడలేదు, గాలికీ ఎండకీ పైతడి ఆరిపోతోంది, ఇప్పుడే మళ్ళీ తాపీతో రుద్ది పట్టాలు కప్పించండి. కప్పించాం.

సాయంత్రం అందరికీ బిర్యానీ. మేస్త్రీకి బట్టలు పెట్టాం. మూడో లారీ డ్రైవర్ కూడా తినేసి వెళ్ళాడు, కోపం పోయినట్టే ఉంది.

---

బీమ్‌కాలమ్ | 25 మే, ఉదయం 5:55

ఇవాళే గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టండి. మీది పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన) సిమెంటు కాబట్టి కనీసం 10 రోజులు, 14 చేస్తే మంచిది. పిల్లర్లకి గోనె చుట్టి తడపండి, వాటిని అందరూ మర్చిపోతారు. 15 అడుగుల లోపు స్లాబు కింద జాకీలు (సెంట్రింగ్‌ని మోసే పోట్లు) 7 రోజులకి తీయొచ్చు, అంతకన్నా పెద్దవాటికి 14. బీమ్‌ల కింద 14, ఆరు మీటర్లు దాటితే 21. ఇవి ఏమీ కలపని ఓపీసీ సిమెంటుకి లెక్కలు, మీ పీపీసీకి ఇంకొన్ని రోజులు ఆగి తీయించండి. బాల్కనీ జోలికి మాత్రం 28 రోజుల దాకా పోవద్దు. అప్పుడు కూడా ముందు చివర జాకీ తీసి, గోడ వైపుకి రావాలి. తిరగేసి తీయించకండి.

---

పల్నాటి_కుర్రాడు | 23 జూన్, రాత్రి 9:05

క్యూబ్ రిపోర్టు (స్లాబు కాంక్రీట్‌తో పోసిన దిమ్మెల బలం పరీక్ష) వచ్చింది. 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 31 న్యూటన్లు. గండం గడిచింది.

క్యూరింగ్ మొత్తం నాన్నే చేశారు. లేబర్‌ని దగ్గరికి రానివ్వలేదు. పొద్దున్నే ఐదింటికి లుంగీ ఎగ్గట్టి పైపు పట్టుకునేవారు. పాత ఆఫీసు డైరీలో ఎన్ని గంటలకి తడిపారో రాసి పెట్టారు, 14 రోజులు, రోజుకి ఐదు ఎంట్రీలు. మట్టి పరీక్ష ఎందుకురా అన్న మనిషి నిన్న పక్కింటాయనకి ఫ్రీ స్వెల్ అంటే ఏంటో అరగంట చెప్పారు.

తూర్పు గోడ సెంట్రింగ్ ఊడదీశాం. కింద ఎడమ మూల రెండు చేతులంత మేర కంకర తేలింది, తేనెతుట్టెలా. అక్కడ వైబ్రేటర్ అందలేదట. మిగతా గోడ మాత్రం... రాత్రి టార్చి వేసి మళ్ళీ వెళ్ళి చూసొచ్చా, అంతే చెప్తా.

---

గోడలేని_ఇల్లు | 23 జూన్, రాత్రి 9:40

ఫోటో చూశాను. రాడ్డు కనపడట్లేదు కాబట్టి కంగారు లేదు, ఇంజనీర్‌కి చూపించి పూడ్పించండి. అతుకు మాత్రం కనపడుతుంది. దాచాలని రంగు వేయకండి, ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. అక్కడో మొక్క కుండీ పెట్టండి. మా ఆఫీసు గోడకి నాలుగు కుండీలున్నాయి.

---

పల్నాటి_కుర్రాడు | 24 జూన్, ఉదయం 7:30

అమ్మ ఇప్పటికే తులసికోట ఎక్కడ అని అడుగుతోంది, చూద్దాం. 🙏

ఇప్పుడు మిగతా గోడలు. ఫ్లై యాష్ ఇటుకా, ఏఏసీ బ్లాకా (గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మె), మన ఎర్ర ఇటుకా?

---

మేస్త్రీగారబ్బాయి | 24 జూన్, ఉదయం 7:34

అన్నా, నీకు దండం పెడతా, దానికి వేరే థ్రెడ్ పెట్టు.